తొమ్మిది దాటితే శాంపిల్ తీసుకోబడదు

2016 జూన్ 14, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలు. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి నా జ్ఞాపకశక్తి కారణం కాదు. ఆ సమయాన్ని నా చేత్తోనే ఒక రిజిస్టరులో రాశాను. ఆ రిజిస్టరు గురించి తరువాత చెబుతాను.

ల్యాబ్ కిటికీ ముందు ఒకావిడ ఖాళీ చేపల బుట్ట నేల మీద పెట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బా లోపలికి తోసింది. వెనక బల్ల మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, బలమైన భుజాలు, పాలిపోయిన మొహం. డబ్బాలో మూత్రం, మూతకు అంటించిన చీటీ.

"టైము దాటింది. రేపు తెల్లవారగానే పట్టి, తొమ్మిదిలోపు తీసుకురండి," అంటూ బోర్డు చూపించాను.

"సదువొస్తే సేపలెందుకమ్ముతాను మేడమ్మా. ఏటి రాసుందక్కడ?"

"తొమ్మిది దాటితే శాంపిల్ తీసుకోబడదు అని."

"మా మావకి తెల్లారి రగతం పడదు. మజ్జాన్నం పడతాది. అదీ ఆకర్న, నాలుగు సుక్కలు. తెల్లారి నీల్లలాగుంటాది. అది తెస్తే మీకేటి కనబడతాది?"

"కనబడేదేదో మేం చూసుకుంటాం."

ఆవిడ డబ్బా వెనక్కి తీసుకుంది. "రోగానికి కూడా టయిం పెట్టీసినారు," అని భర్తతో అన్నట్టుగా అంది, నాకు వినబడేట్టుగా. ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను రిజిస్టరు తీసి రాశాను: తేదీ, సమయం, పేరు, ఓపీ నంబరు, "కారణం: ఆలస్యం."

ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇది చదువుతారని అనుకుంటున్నాను. మీరు వెంటనే నా మీద కోపం తెచ్చుకోకండి. కోపానికి ముందు ఆ బోర్డు ఎందుకు వచ్చిందో వినండి.

నేను విశాఖపట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబ్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సరుకు బరువులు రాసే గుమాస్తా. ఆ రాత అలవాటు నాకు ఆయన నుంచే వచ్చింది. 1998లో మూత్ర పరీక్షల విభాగం నా చేతికి వచ్చేసరికి అక్కడ ఒక పద్ధతంటూ లేదు. శాంపిళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో వచ్చేవి, దగ్గు మందు సీసాల్లో వచ్చేవి. పొద్దున పట్టినది సాయంత్రం తెచ్చేవాళ్ళు. మన ఊరి ఎండలో మూత్రం రెండు గంటలు ఆగితే కణాలు పగిలిపోతాయి, సూక్ష్మజీవులు పది రెట్లవుతాయి. లేని జబ్బు ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. అందుకని నేను నియమాలు పెట్టాను. ఉదయం మొదటిసారి పోసేదే తేవాలి. మొదటి ధార వదిలేయాలి, మధ్యది పట్టాలి, చివరిది వదిలేయాలి. తొమ్మిదిలోపు కిటికీ దగ్గర ఉండాలి. వెనక్కి పంపిన ప్రతి శాంపిల్‌కూ ఒక రిజిస్టరు పెట్టాను, ఎందుకు పంపామో ఎవరైనా అడిగితే చూపించడానికి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ రిజిస్టరు చూసి ముచ్చటపడేవాళ్ళు. నేను కూడా ముచ్చటపడేదాన్ని, అబద్ధమెందుకు.

ఆ నియమాలు తప్పు కావు. ఈ రోజుకీ తప్పు కావు. నూటికి తొంభై తొమ్మిది మందికి అవే సరి.

ఆ మనిషి ఖలాసీ. భారీ క్రేన్లను విడి భాగాలుగా దింపి, తాళ్ళతో, ఇనుప తీగలతో పైకెక్కించి నిలబెట్టే పనివాడు. పోర్టులో, స్టీల్ ప్లాంటులో, అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో ఎక్కడ పెద్ద ఇనుము కదలాలన్నా వాళ్ళు కావాలి. భార్య తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో వేలంలో చేపలు కొని, వీధులు తిరిగి పదకొండింటికి అమ్మడం ముగిస్తుంది. అందుకే ఆవిడ భర్తను తీసుకొచ్చేసరికి ఎప్పుడూ పన్నెండు దాటేది. యూరాలజీ ఓపీ మంగళవారం. మంగళవారం నేను వెనక్కి పంపితే, బుధవారం పొద్దున ఆయన ఒక్కడే వచ్చి, నేను చెప్పినట్టే పట్టిన డబ్బా ఇచ్చి పోయేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆడవాళ్ళున్న కిటికీ దగ్గర మూత్రం డబ్బా పట్టుకుని నిలబడటానికి ఆయనకు సిగ్గు.

జూన్ 15న నేను చూసిన శాంపిల్‌లో ఎర్రకణాలు కొద్దిగా, చీము కణాలు కొద్దిగా, సూక్ష్మజీవులు ఏమీ లేవు. అలాగే రాసి సంతకం పెట్టాను. చీముండి క్రిములు పెరగకపోతే ఈ ప్రాంతంలో ఎవరైనా మొదట అనుమానించేది క్షయ. యూరాలజీ డాక్టరుగారు గొట్టంతో మూత్రాశయం లోపల చూశారు. గోడ మీద ఇసుక చల్లినట్టు మచ్చలున్నాయని రాశారు. ముక్క తీసి పరీక్షకు పంపితే, దీర్ఘకాలపు వాపు ఉంది, క్షయ కావచ్చు అని జవాబొచ్చింది. జులై 25న క్షయ మాత్రలు మొదలుపెట్టారు. ఆ డాక్టరుగారు వయసులో చిన్నవాడే, చేతిపని నెమ్మది, మాట మర్యాద. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసి ఉండేవారు. ఆయన దగ్గరున్న కాగితాలన్నీ ఆయన్ని అటే నడిపించాయి. వాటిలో నా కాగితం కూడా ఒకటి.

ఆగస్టు 23న రెండోసారి డబ్బా వచ్చింది, పన్నెండు ఇరవై అయిదుకు. వెనక్కి పంపాను. నవంబరు 29న మూడోసారి, పన్నెండు యాభైకి.

ఆ మూడోసారి కిటికీ దగ్గర నా జూనియర్ ఉంది. విజయనగరం వైపు అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు. చేపలావిడ గొంతు వినబడి నేను లోపల్నుంచి వచ్చాను.

"మాత్రలేసుకుంటే రంగు మారతాదని ముందే చెప్పారు కదమ్మా," అంటోంది మా జూనియర్ అమ్మాయి. అది నిజమే. క్షయ మందుల్లో ఒకదానికి మూత్రం నారింజ రంగులోకి తిరుగుతుంది.

"ఆ రంగు పొద్దున్నుంచీ ఉంటాది, పాపా. ఇది మజ్జాన్నం ఒచ్చే ఎరుపు. నాకు తేడా తెలదేటి? సేప మొప్ప సూసి ఇయ్యాలదో నిన్నదో సెప్పీగల్ను నాను. కావలిస్తే నీ దగ్గరున్న ఎరుపులన్నీ తీసుకురా, ఏది రగతమో ఏది రంగో సెప్తాను."

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వి, నా వైపు తిరిగి, "మేడం, ఒక్క చుక్క చూసేస్తాను. రిపోర్టు రాయను. ఊరికే చూస్తాను," అంది.

"రాయనప్పుడు చూడటమెందుకు?" అన్నాను. "ఇవాళ ఈమెకు చూస్తే, రేపు నలుగురు పన్నెండింటికి వస్తారు. ఎల్లుండి బోర్డు తీసేయాల్సొస్తుంది."

ఆ అమ్మాయి ఆ డబ్బాను వెనక్కి ఇచ్చేసింది. నేను రిజిస్టరులో మూడో పద్దు రాశాను. చేపలావిడ బుట్ట నెత్తికెత్తుకుంటూ అంది: "మీ బోర్డు సల్లగుండాలి మేడమ్మా. మా మావ ఉన్నా లేకున్నా అదుండాలి."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. కోపం ఎందుకొచ్చిందో మాత్రం అప్పుడు లెక్క వేసుకోలేదు.

ఫిబ్రవరి 21న నాలుగోసారి. ఒంటిగంట అయిదు నిమిషాలు. అప్పటికి ఆవిడ వాదించడం మానేసింది. డబ్బా పెట్టింది, నేను తల అడ్డంగా ఊపాను, తీసుకుంది. ఆయన బల్ల మీద కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చుంటే లేవడం కష్టమని తరువాత తెలిసింది.

2017 ఏప్రిల్ 19, బుధవారం, మధ్యాహ్నం రెండుంబావుకు డాక్టరుగారు ఫోన్ చేశారు.

"మేడం, ఆ ఖలాసీ పేషెంటువి ఇప్పటిదాకా చేసిన యూరిన్ రిపోర్టులన్నీ ఒకచోట రాసి ఇస్తారా? మందులు పనిచేయలేదు. ఎడమ కిడ్నీ పోయింది, వచ్చే వారం తీసేద్దామనుకుంటున్నాను. నా భయం దానికి కాదు. కుడిది కూడా ఉబ్బడం మొదలైంది. కింద గొట్టం మూసుకుపోతోంది. ఎందుకు మూసుకుపోతోందో తెలియకపోతే, ఆర్నెల్లలో అదీ పోతుంది."

"అప్పుడు?"

"అప్పుడు డయాలిసిస్. వారానికి మూడుసార్లు. ఆయన ఎక్కేవి క్రేన్లు, మేడం."

రిపోర్టులన్నీ ఒకచోట రాయమంటే నేను ఒకే పద్ధతిలో రాస్తాను. తేదీ, సమయం, ఫలితం. ఆ రోజు పని అయ్యాక కాగితం మీద గీతలు కొట్టి మొదలుపెట్టాను. నేను చూసిన శాంపిళ్ళు అయిదు. వచ్చిన సమయాలు: ఏడూ యాభై, ఎనిమిదీ పది, ఎనిమిదీ అయిదు, ఎనిమిదిన్నర, ఏడూ నలభై. అయిదింటిలోనూ ఎర్రకణాలు అంతంతమాత్రం. క్రిములను పెంచి చూసే క్షయ కల్చర్‌కు ఇచ్చినవి వేరే, అవీ తెల్లవారివే, అన్నిటిలోనూ ఏమీ పెరగలేదు. పక్క విభాగం నుంచి ఆయన రక్త పరీక్షలు కూడా తెప్పించాను. హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయి ఉంది.

అక్కడ ఆగాను. నేను చూసిన ఆ కొద్దిపాటి ఎర్రకణాలతో మనిషి అంత పాలిపోడు. ఎక్కడో రక్తం పోతోంది, నా కాగితంలోకి రావడం లేదు. రక్త పరీక్షలో ఇంకొకటి ఉంది. ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు మామూలుగా ఉండాల్సినదానికి మూడింతలు. ఒంట్లో పురుగులుంటే అవి పెరుగుతాయి. మన వైపు కడుపులో నులిపురుగులు చాలామందికి ఉంటాయి కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోను, మామూలు రోజైతే.

లెక్క పూర్తి కావాలంటే వెనక్కి పంపినవి కూడా రాయాలి. రెండో రిజిస్టరు తీశాను. నాలుగు పద్దులు. పన్నెండూ నలభై, పన్నెండూ ఇరవై అయిదు, పన్నెండూ యాభై, ఒంటిగంటా అయిదు. రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూశాను. చూసినవన్నీ తెల్లవారివి. చూడనివన్నీ మధ్యాహ్నానివి. మజ్జాన్నం పడతాది, అదీ ఆకర్న. ఆవిడ పది నెలల కిందట చెప్పిన మాట పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

మా కోర్సులో పాఠం చెప్పిన ఒక ముసలాయన దగ్గర గాజు స్లైడ్ల చెక్కపెట్టె ఒకటి ఉండేది. అందులో ఒక స్లైడు చూపిస్తూ ప్రతి ఏడూ ఒకే మాట అనేవాడు: "ఇది మన దగ్గర రాదు. పరీక్షలో వస్తుంది." అది మూత్రాశయపు రక్తనాళాల్లో కాపురం ఉండే పురుగు పెట్టే గుడ్డు. ఆఫ్రికా చెరువుల్లో నత్తల నుంచి ఆ పురుగు పిల్ల నీళ్ళలోకి వస్తుంది, నీళ్ళలో దిగిన మనిషి చర్మంలోంచి లోపలికి పోతుంది. ఏళ్ళ తరబడి గుడ్లు పెడుతుంది. గుడ్లు మూత్రాశయం గోడను కోసుకుంటూ బయటికొస్తాయి, రానివి గోడలోనే ఉండి గట్టిపడతాయి. గుడ్లు ఎక్కువగా వచ్చేది పగలు పదింటికీ రెండింటికీ మధ్య. అదీ చివరి ధారలో.

చివరిది వదిలేయాలి అని గోడ మీద నేనే రాయించాను.

శాంపిల్‌తో వచ్చే చీటీ తీసి చూశాను. వృత్తి అన్నచోట "ఖలాసీ" అని ఉంది. ఖలాసీ ఎక్కడెక్కడ పనిచేశాడో రాయడానికి ఆ చీటీలో చోటే లేదు. ఆ చీటీ తయారుచేసిందీ నేనే.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. రేపు మధ్యాహ్నం ఇంకొక శాంపిల్ నేనే అడిగి తీసుకుంటాను, అనుమతి కావాలన్నాను.

"అయిదుసార్లు చూశారు కదా, మేడం."

"చూసినవి అయిదు, సార్. చూడనివి నాలుగు."

ఆయనకు అర్థం కాలేదు. కానీ సరేనన్నారు. తరువాత చీటీ మీదున్న నంబరుకు చేశాను.

"అలో, ఎవులు?"

"ఆసుపత్రి ల్యాబ్ నుంచి. రేపు పన్నెండింటికి మీ ఆయన్ని తీసుకురండి. శాంపిల్ ఇక్కడే పట్టాలి."

"పన్నెండుకా? తొమ్మిది దాటితే ముట్టుకోరు గదా మీరు. గెడియారం పాడైపోనాదేటి?"

"గడియారం బాగానే ఉంది. మీరు చెప్పింది నేను వినలేదు."

"ఒచ్చీస్తాం," అంది.

ఏప్రిల్ 20, గురువారం. పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ ఉండగా వచ్చారు. ఆ రోజు ఆవిడ బుట్ట తేలేదు. అమ్మకం మానుకుని వచ్చింది. ఆయన్ని లోపల కూర్చోబెట్టి, రెండు గ్లాసుల నీళ్ళిచ్చి అడిగాను.

"పని మీద బయటి దేశం వెళ్ళారా?"

"వెళ్ళినాను మేడం. ఆఫ్రికా. రెండేళ్ళున్నాను. వొచ్చీసి రెండేళ్ళవుతాది."

"అక్కడ పోర్టా?"

"పోర్టు కాదండి. సెరువు. సెరువంటే మనలాగ కాదు, అవతలొడ్డు కనబడదు. దాని ఒడ్డున పంచదార ఫేక్టరీకి క్రేన్లు నిలబెట్టినాం."

"ఆ నీళ్ళలో దిగేవాళ్ళా?"

మొదటిసారి ఆయన నవ్వాడు. "ఆదోరం ఆదోరం. అలల్లో పెరిగినోల్లం, నీల్లు కనబడితే ఊరుకుంటామేటి మేడం? పొద్దున దిగితే బువ్వకే పైకొచ్చీవోల్లం."

"ఒళ్ళు దురద పెట్టేదా?"

"మొదట్లో పెట్టీది. ఉప్పు నీల్లకి అలవాటైన ఒల్లు గదా, మంచి నీల్లు పడలేదనుకున్నాం."

"ఎంతమంది దిగేవాళ్ళు?"

"ఆరుగురం. అందరం ఇక్కడోల్లమే."

ఆ అంకె రాసుకున్నాను.

గుడ్లు కదిలి రావాలంటే మనిషి కాస్త ఒళ్ళు కదిలించాలి. మూడంతస్తుల మెట్లు రెండుసార్లు ఎక్కి దిగమన్నాను. మొదటి అంతస్తుకే ఆయన రెయిలింగు పట్టుకున్నాడు. ఆవిడ వెనక నుంచి నడుం మీద చెయ్యి వేసి తోసింది.

"ఎక్కు మావా. సింహాచలం మెట్లన్నీ నన్నెత్తుకుని ఎక్కుతానన్నావు పెల్లినాడు. ఇయ్యి మూడే అంతస్తులు."

"అప్పుడు నువ్వు బరువు లేవే."

"ఇప్పుడు నిన్ను నాను తోత్తన్నాను గదా. ఎక్కు."

పన్నెండూ యాభైకి డబ్బా ఇచ్చి చెప్పాను: మొత్తం పోసేయండి, చివర్లో వచ్చేది మాత్రమే ఇందులో పట్టండి. అప్పటిదాకా ముప్పై ఏళ్ళలో ఎవరికీ చెప్పని మాట. తెచ్చి ఇచ్చిన డబ్బా అడుగున రెండు చెంచాలు కూడా లేదు. ఎర్రగా ఉంది. ఆవిడ అన్నట్టే, అది మందు రంగు కాదు.

యంత్రంలో తిప్పి, అడుగున దిగిన మడ్డి తీసి స్లైడు మీద వేశాను. మూత్రంలో కణాలు లెక్కపెట్టడానికి మేం పెద్ద లెన్సు వాడతాం. దాంతో చూస్తే చోటు కొంచెమే కనబడుతుంది, అరుదైనది తప్పిపోతుంది. ఆ రోజు చిన్న లెన్సు పెట్టి, స్లైడు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, చేను దున్నినట్టు వరుసగా జరిపాను. మొదటి చుక్కలో ఎర్రకణాలు తప్ప ఏమీ లేదు. రెండో చుక్కలోనూ లేదు. నేను లెక్క తప్పానేమో, నా తప్పును ఒక పెద్ద జబ్బుగా ఊహించుకుని తప్పించుకుంటున్నానేమో అని కూడా అనిపించింది. మూడో చుక్కలో, స్లైడు ఎడమ అంచుకు దగ్గరగా, అది ఉంది.

నేను లేచి, మా జూనియర్ అమ్మాయిని కూర్చోమన్నాను. ఏం చూడాలో చెప్పలేదు. "కనిపించింది నోటితో చెప్పకు. గీసి ఇవ్వు," అన్నాను. పేరు చెబితే కళ్ళు ఆ పేరునే చూస్తాయి. ఆ అమ్మాయి అయిదు నిమిషాలు చూసి, కాగితం మీద గీసింది. వడ్లగింజలాంటి ఆకారం, ఒక చివర మాత్రమే చిన్న ముల్లు, లోపల ముడుచుకుని ఏదో. పక్కన తనంతట తానే రాసింది: "కదులుతోంది."

మిగిలిన మడ్డిలో కాచి చల్లార్చిన నీళ్ళు కలిపి, కిటికీ ఎండ తగిలేచోట పెట్టాను. మంచి నీళ్ళు తగిలితే బతికున్న గుడ్డు పగిలి పిల్ల బయటికి వస్తుంది. డాక్టరుగారు రెండూ పదికి వచ్చేసరికి ఒకటి ఈదుతోంది. ఆయన లెన్సులో కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇది మన దేశంలో రాదు కదా, మేడం," అన్నారు చివరికి.

"మనవాళ్ళు దేశం దాటి వెళ్ళివస్తున్నారు కదా, సార్."

తరువాత రెండు రిజిస్టర్లూ ఆయన ముందు పెట్టాను. వెనక్కి పంపిన నాలుగు పద్దుల మీద వేలు పెట్టి చూపించాను. ఆయన నా మొహం చూశారు. "ఇది నాకు చూపించాల్సిన పని లేదు, మేడం. మీరే పట్టుకున్నారు. అదే రాస్తాను."

"సగం రాస్తే అది రిపోర్టు కాదు, సార్. ఎందుకు ఆలస్యమైందో కూడా అందులో ఉండాలి."

నా జీవితంలో నేను రాసిన రిపోర్టుల్లో అది అన్నిటికన్నా పొడుగు. ఒకటిన్నర పేజీ. పరీక్ష ఫలితం అర పేజీ, ఆలస్యానికి కారణం ఒక పేజీ. దాని కింద సంతకం పెట్టాను.

వాళ్ళిద్దరికీ కూడా నేనే చెప్పాను. కిటికీలోంచి కాదు, బయటికి వెళ్ళి, ఆ బల్ల మీద పక్కన కూర్చుని. జబ్బు క్షయ కాదని, దీనికి మాత్ర ఉందని, ఒక్కరోజులో వేయడం అయిపోతుందని చెప్పాను. ఎడమ మూత్రపిండం రాదని చెప్పాను. మొదటి రోజే నేను ఆ డబ్బా తీసుకుని ఉంటే బహుశా రెండూ నిలిచేవని, నాలుగుసార్లు వెనక్కి పంపానని చెప్పాను.

ఆవిడ నన్నే చూసింది.

"నాలుగుసార్లేనేటి, మేడమ్మా?" అంది. "నాకు నలభైసార్లలాగుంది."

క్షమించాననీ ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు.

మిగిలింది త్వరగా చెబుతాను, ఎందుకంటే అది గర్వపడే భాగం, గర్వం పొడుగైతే బాగుండదు. క్షయ మాత్రలు ఆ రోజే ఆపారు. పురుగు మాత్రలు ఏప్రిల్ 27న వేశారు. డాక్టరుగారు కుడివైపు గొట్టంలో సన్నటి నాళం పెట్టి మూడు నెలలు ఉంచారు. మే నెలలో ఎడమ మూత్రపిండం తీసేశారు. ఆగస్టులో మూడు మధ్యాహ్నాలు వరసగా చివరి చుక్కలు చూశాను. గుడ్డు లేదు. కుడిది వాపు దిగింది. అది ఇవాళ్టికీ పనిచేస్తోంది.

ఆ చెరువులో దిగిన మిగతా అయిదుగురికి ఆయన చేత ఫోన్లు చేయించాను. నలుగురు వచ్చారు. గాజువాక నుంచి ఇద్దరు, భీమిలి నుంచి ఇద్దరు. ఒకడు మెట్లెక్కుతూ, "ఏటి బావా, క్రేనెక్కించినోల్లని మెట్లెక్కిస్తన్నారు," అని హాస్యమాడాడు. ముగ్గురిలో గుడ్లు కనిపించాయి. ముగ్గురూ తమకేమీ లేదనుకుంటున్నవాళ్ళే. అయిదోవాడు గల్ఫ్‌లో ఉన్నాడు. వాళ్ళ డాక్టరుకు చూపించుకోమని నా రిపోర్టు నకలు పంపాను. అతనికీ ఉన్నట్టు రెండు నెలలకు కబురొచ్చింది. అంటే మా ఖలాసీతో కలిపి అయిదుగురు. ఆయన కాక మిగిలిన నలుగురికీ రెండేసి మూత్రపిండాలూ నిలిచాయి. ఎనిమిది. ఆ ఎనిమిదిని నేను అప్పుడప్పుడు తలుచుకుంటాను. నా ఉద్యోగంలో నేను స్వయంగా నిలబెట్టిన లెక్క అది.

బోర్డు తీసేయలేదు. మార్చాను. "తొమ్మిది దాటితే ఎందుకు దాటిందో అడిగి, రాసుకుని, తీసుకోవాలి" అని రాయించాను. చీటీలో రెండు ప్రశ్నలు కలిపాను: రక్తం ఎప్పుడు పడుతుంది, మొదటా చివరా; ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశారు. నేను 2018లో రిటైరయ్యాను. ఆ విజయనగరం అమ్మాయి ఇప్పుడు ఆ విభాగానికి పెద్ద. మొన్న చూడటానికి వెళితే చీటీలో ఇంకో ప్రశ్న కలిపి ఉంది: "మీకేమనిపిస్తోంది?" ఇదేం ప్రశ్న, దీనికి ఏం జవాబు వస్తుంది అన్నాను. "వచ్చేదాకా తెలీదు కదా మేడం," అంది.

2017 సెప్టెంబరు 10న, ఆదివారం, మా గుమ్మం ముందు బుట్ట దిగింది. ఆవిడే. వంజరం చేప ఒకటి తీసి చాపింది. మొప్ప ఎత్తి చూపిస్తూ, "సూడండి, ఇయ్యాలదే," అంది. ఎంతో చెప్పమన్నాను. చెప్పింది, బేరం ఆడకుండా డబ్బిచ్చాను. ఆవిడ చేపను ఊరికే ఇవ్వనందుకు సంతోషించాను. ఊరికే ఇచ్చి ఉంటే మా మధ్య లెక్క తీరిపోయినట్టయ్యేది. అది తీరేది కాదని ఇద్దరికీ తెలుసు.

పోయినవి ఇవి. మొదటి డబ్బా నుంచి మూడో చుక్క దాకా మూడు వందల పది రోజులు. అందులో అక్కర్లేని క్షయ మాత్రలు మింగినవి రెండు వందల అరవై తొమ్మిది. చూడకుండా వెనక్కి పంపిన శాంపిళ్ళు నాలుగు. క్రేను మీదికి ఎక్కే పని. ఇప్పుడు ఆయన కింద నిలబడి జెండా ఊపుతాడు. ఎడమ మూత్రపిండం, ఒకటి.